సంతకమునకు ముందే సలహా

ఎచ్చెర్ల ప్రక్కనుండి చెన్నపురి కలకత్తాల నడుమనున్న రాజమార్గము పోవుచున్నది. తొల్లి 5వ సంఖ్యతో పిలువబడిన ఈ జాతీయ రహదారికి ఇప్పుడు 16వ సంఖ్య. ఎచ్చెర్లలో డాక్టరు బి.ఆర్. అంబేద్కరు విశ్వవిద్యాలయము గలదు, ఎస్.ఎం. పురమున సాంకేతిక విద్యాలయము గలదు. చిలకపాలెము కూడలినుండి రాజాము దిక్కునకు బాట చీలుచున్నది. విశాఖ వైపు సాగిన పైడిభీమవరపు కర్మాగారములు తగులును. విద్యార్థి, కూలి, రైతు, కార్మికుడు, జీడిపిక్కల మూటతో సంతకు పోవు ముదుసలి, అందఱును ఈ బాటను దాటవలసినవారే. వంగదేశమునుండి చెన్నపురికి పరుగిడు సరకు లారీకి ఈ యూరి పేరైనను తెలియదు. ఊరివారికి మాత్రము బాట కావలనున్న పొలము తమది, ఈవలనున్న యిల్లు తమది.

2012 నవంబరు 2వ తేదీ రాత్రివేళ, ఈ శాసనసభా నియోజకవర్గములోనిదే యగు రణస్థలము చెంత, కేంద్రమున మంత్రిగా పనిచేసిన కింజరాపు ఎర్రన్నాయుడుగారు ప్రయాణించుచుండిన కారు టాంకరును ఢీకొనెను, వారు మరణించిరి. జిల్లా యంతయు శోకించినది. అంతటి నాయకుని ప్రాణమునకే రక్షణ లేని బాటపై సామాన్యుని ప్రాణమున కేమి భరవసము? 2022వ సంవత్సరమున దేశమున 4,61,312 రహదారి ప్రమాదములు జరిగి 1,68,491 మంది మరణించినట్లు కేంద్ర ప్రభుత్వమే ప్రకటించినది. ఆ మరణములలో అనేకములు ఏ పత్రికకును ఎక్కవు. ఊరిచివర ఒక చితి, ఇంటిలో ఒక వితంతువు, బడి మానిన ఒక బాలుడు. అంతటితో కథ ముగియును.

ప్రమాదములు జరుగకుండ చేయుటను గూర్చి వ్రాయవలసినది చాల గలదు. నేడు మేము వ్రాయదలచినది వేఱొకటి. ప్రమాదము జరిగిన పిమ్మట బాధితుడు న్యాయవాది గడప యెప్పుడు త్రొక్కవలెను? ఈ ప్రశ్నకు సకాలమున సమాధానము తెలియకపోవుటచే మన పల్లెలలో ఎన్నో కుటుంబములు రెండవమాఱు హతమగుచున్నవి. మొదటిమాఱు వాహనము కొట్టును. రెండవమాఱు కాగితము కొట్టును.

ఆ కాగితము కథ పల్లెలలో అందఱెఱిగినదే. మృతుని దహనము కాక పూర్వమే వాహనపు యజమాని తరపున ఒకరు వత్తురు. పెద్దమనుష్యులు కూడుదురు. "పోయినవాడు తిరిగి రాడు, కోర్టులవెంట తిరిగిన చెప్పులరుగును, దినకార్యమునకైనను కొంత సొమ్ము చేతికి రానిండు" అని హితము పలుకుదురు. లక్షయో రెండు లక్షలో బల్లపై బెట్టుదురు. ఇకమీదట మాకెట్టి హక్కును లేదని వ్రాసిన కాగితముపై, అక్షరము రాని ఇల్లాలి వ్రేలిముద్ర పడును. పెద్దమనుష్యులలో దురుద్దేశము లేనివారే పెక్కురు. అయినను వారు పంచిపెట్టుచున్న సొమ్మెంత, వదలుకొనుచున్న హక్కెంత యని లెక్క గట్టినవా రా సభలో ఒక్కరును ఉండరు.

మా సిద్ధాంతమును ముందే చెప్పుచున్నాము. ప్రతి గీతకును ప్రతి దెబ్బకును న్యాయవాదియొద్దకు పరుగిడ బనిలేదు. కాని ప్రాణము పోయినను, ఎముక విఱిగినను, పని చేయు శక్తి తగ్గినను, తప్పెవరిదను తగవు పుట్టినను, ఏ కాగితముపైనను సంతకము చేయకమునుపే న్యాయసలహా పొందవలెను. ఔషధము రోగము ముదిరిన పిమ్మట కంటె ముందే పనిచేయును, న్యాయసలహాయు నట్టిదే.

మొదట అక్కఱలేని సందర్భములను చెప్పుదము. వాహనమునకు సొట్ట పడినది, మనుష్యుల కెవరికిని దెబ్బ తగులలేదు, ఇరువురికిని బీమా గలదు. అట్టిచో బీమా కంపెనీకి వెంటనే తెలియజేసి, బండిని మరమ్మతునకు కదల్చకమునుపు ఛాయాచిత్రములు దీసికొనిన చాలును. చర్మము గీచుకొని నాలుగు దినములలో మానిన గాయమునకు వైద్యపు ఖర్చు ఎదుటివా డిచ్చివేసిన, వ్యాజ్య మేల? అల్పమునకు కోర్టు కెక్కువాడు, అనల్పమునకు ఇంట గూర్చుండువాడు, ఇరువురును న్యాయమునకు అపచారమే చేయుచున్నారు. ఐతే ఒక మాట. తలకు తగిలిన దెబ్బ, కడుపులోని దెబ్బ, వెన్నుదెబ్బ తొలిదినమున అల్పముగనే కనుపించును. వైద్యుడు చూడక మునుపు "నాకేమియు కాలేదు" అని ఎవరును వ్రాసి యీయరాదు.

న్యాయవాదికంటె ముందు చేయవలసిన పనులు కొన్ని గలవు. అన్నిటికంటె ముందు ప్రాణము. రహదారి ప్రమాద బాధితులకు ప్రమాదదినమునుండి 7 దినములవఱకు, 1,50,000 రూపాయలకు మించకుండ, చేతి సొమ్ము లేకయే చికిత్స చేయవలెనని కేంద్ర ప్రభుత్వము 2025 మే నెలలో పథకమును ప్రకటించినది. గాయపడినవానిని వైద్యశాలకు చేర్చిన పరోపకారిని సాక్షిగా నిలువుమని నిర్బంధింపరాదని, 2019 సవరణ ననుసరించి చేసిన మోటారు వాహనముల నియమములలో వ్రాయబడినది. కావున కేసులో నిఱికింతురను భయముతో రక్తపు మడుగులోని మనిషిని దాటిపోవుట కిప్పుడు సాకు లేదు.

పిదప పోలీసు ఠాణా. ఎఫ్.ఐ.ఆర్. వ్రాయించి, దాని ప్రతిని అడిగి తీసికొనవలెను. ఫిర్యాదుదారునకు ఆ ప్రతిని ఉచితముగ నిచ్చుట ఠాణావారి విధి. వాహనపు సంఖ్య, డ్రైవరు లైసెన్సు, బీమా పాలసీ వివరములు, గాయపత్రము, శవపంచాయతి శవపరీక్షల నివేదికలు, వైద్యశాల చీటీలు, మందుల రసీదులు, కూలి లేక జీతమునకు ఆధారము, వీనినన్నిటిని ఒక సంచిలో భద్రపఱుపవలెను. న్యాయవాది నోటిమాటతో వాదింపలేడు. ఆ సంచియే అతని ఆయుధాగారము. 2022 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలులోనున్న నియమముల ప్రకారము దర్యాప్తు చేయు పోలీసు అధికారి 48 గంటలలో ప్రథమ నివేదికను, 90 దినములలో సమగ్ర నివేదికను పరిహార ట్రిబ్యునలునకు పంపవలెను. పంపెనా లేదా యని అడుగు హక్కు బాధితునకు గలదు.

ఇక న్యాయవాదిని ఆశ్రయించి తీరవలసిన సందర్భములు. మరణము సంభవించిన కుటుంబము దినకార్యము ముగియగనే వెళ్లవలెను. రాజీమాట అంతకుముందే వచ్చిన, అంతకుముందే వెళ్లవలెను. ఎముక విఱిగినవాడు, కన్నో కాలో చెయ్యో పోగొట్టుకొనినవాడు, వైద్యశాలనుండి ఇంటికి చేరినంతనే వెళ్లవలెను. అంగవైకల్యము నూటికి ఇంతయని వైద్యుడు వ్రాసిన మాత్రమున సంపాదనయు అంతయే తగ్గినట్లు భావింపరాదని, ఆ మనిషి చేయు వృత్తినిబట్టి చూడవలెనని 2010లో రాజ్‌కుమార్ వ్యాజ్యమున సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పినది. గుమాస్తాకు మోకాలు వంగకపోయిన కుర్చీలో పని సాగును. బుడగట్లపాలెపు జాలరికి మోకాలు వంగకపోయిన పడవ యెక్కు టెట్లు? తాటిచెట్టెక్కు గీతకార్మికుని గతి యేమి? ఈ తేడాను ట్రిబ్యునలు ఎదుట నిరూపించుట సామాన్యునకు సాధ్యము కాదు.

తప్పు మృతునిపైననే మోపబడినచో ఒక్కవారము కూడ ఆగరాదు. చనిపోయినవాడు మాటాడలేడు, బ్రదికియున్న డ్రైవరు చెప్పినదే తొలి కథనమై కాగితమున కెక్కును. తరువాతి కాలమున ఆ కథనమును మార్చుట కొండను పెకలించుటయే. సాక్షుల జ్ఞాపకము చెడకమునుపే, దుకాణముల ముందఱి కెమెరాలలోని బొమ్మలు చెఱిగిపోకమునుపే ఎవరైన పూనుకొనవలెను.

సరకు బండిలోనో ట్రాక్టరులోనో ఎక్కిపోవుచు దెబ్బతిన్నవారి స్థితి మఱింత చిక్కైనది. సరకు వాహనమున ఊరక ఎక్కినవారి విషయమున బీమా కంపెనీ బాధ్యురాలు కాదని 2002లో ఆశారాణి వ్యాజ్యమున సర్వోన్నత న్యాయస్థానము తేల్చినది. తన సరకుతో గూడ పోవువాని సంగతి వేఱు; వారికి బీమా వర్తించును. తన వంగకాయల బుట్టతో బండి యెక్కిన రైతునకును, పెండ్లికని అదే బండి యెక్కిన చుట్టమునకును చట్టదృష్టిలో ఇంత భేదమున్నది. ఠాణాలో తొలిదినమున చెప్పు ఒక్క వాక్యముపై ఈ భేదము నిలిచియున్నది. అబద్ధము చెప్పుమని మేము బోధించుటలేదు. నిజమును నిజముగ, పూర్తిగ చెప్పవలెనని హెచ్చరించుచున్నాము.

కొట్టిన వాహనము ఆగక పోయి, దాని గుర్తే తెలియనిచోటను నిరాశ వలదు. 2022 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలులోనున్న పథకము క్రింద మరణమునకు 2,00,000 రూపాయలు, తీవ్రగాయమునకు 50,000 రూపాయలు లభించును. ప్రమాదస్థలపు రెవెన్యూ విభాగములోని విచారణాధికారికి అర్జీ పెట్టుకొనవలెను. రాత్రివేళ రహదారిపై గుర్తు తెలియని లారీ క్రింద పడిన వాని కుటుంబములలో ఈ మాట యెఱిగినవా రెందఱు?

వలసపోయినవారిని గూర్చియు ఒక మాట. మన శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల బిడ్డలు పొట్టకూటికై హైదరాబాదునకు, చెన్నపురికి, ఇంకను దూరదేశములకు పోవుచున్నారు. అక్కడి బాటపై మరణించినవాని తల్లి అక్కడి కోర్టునకే పోవలెనను నియమము లేదు. ప్రమాదము జరిగిన చోటనే కాక, బాధితులు నివసించు ప్రాంతపు ట్రిబ్యునలునందును అర్జీ వేయవచ్చునని చట్టము చెప్పుచున్నది. ఎచ్చెర్ల తల్లికి శ్రీకాకుళమే చాలును.

ఇక లెక్క. ఈ లెక్క తెలియకపోవుటయే అనర్థములకు మూలము గనుక విపులముగ వ్రాయుచున్నాము. 35 సంవత్సరముల కూలి యొకడు నెలకు 12,000 రూపాయలు తెచ్చుచు మరణించెను. భార్య, ఇరువురు బిడ్డలు, తల్లి, నలుగురును అతనిపై ఆధారపడియున్నారు. ప్రణయ్ సేఠీ వ్యాజ్యమున 2017 అక్టోబరు 31వ తేదీన సర్వోన్నత న్యాయస్థాన మిచ్చిన తీర్పు ప్రకారము, 40 సంవత్సరములలోపు వాడగుటచే భావి వృద్ధికై నూటికి 40 వంతున చేర్చవలెను, 16,800 అగును. 2009 నాటి సరళావర్మ తీర్పు ప్రకారము, ఆధారపడినవారు నలుగురగుటచే అతని సొంత ఖర్చునకు నాల్గవవంతు తీసివేయవలెను; 12,600 మిగులును. సంవత్సరమునకు 1,51,200. ఆ వయస్సునకు గుణకము 16. మొత్తము 24,19,200 రూపాయలు. అంత్యక్రియలకును, భార్యాబిడ్డల ఎడబాటునకును ఇచ్చునవి దీనిపై అదనము. ఆ కుటుంబము చెట్టుక్రింద రెండు లక్షలకు వ్రేలిముద్ర వేసెను. మిగిలిన ఇరువదిరెండు లక్షలు ఎవరి యింట మిగిలినవి?

ఇంటిపని చేయు ఇల్లాలు మరణించినచో సంపాదనయే లేదు గదా యని పరిహారమును తగ్గించుటయు చెల్లదు. ఆమె శ్రమకు వెల గట్టవలెనని 2021లో కీర్తి వ్యాజ్యమున సర్వోన్నత న్యాయస్థానము మఱల స్పష్టపఱచినది. కూలికి పోయి, వంట చేసి, పశువును మేపి, పిల్లలను పెంచిన మన పల్లెటూరి తల్లికి ఈ తీర్పు వర్తింపకున్న మఱెవరికి వర్తించును?

మఱియొక ఉచ్చు కూడ గలదు. తప్పెవరిదను విచారణ లేకయే మరణమునకు 5,00,000, తీవ్రగాయమునకు 2,50,000 రూపాయలిచ్చు విధానము చట్టమున నున్నది. తప్పు నిరూపించుట కష్టమైనవారికి ఇది వరమే. కాని దానిని అంగీకరించి పుచ్చుకొనిన, ట్రిబ్యునలునందలి పూర్తి పరిహారపు అర్జీ రద్దగునని అదే చట్టము చెప్పుచున్నది. 24 లక్షలకు అర్హుడైనవాడు 5 లక్షలకు సంతకము చేసిన పిమ్మట ప్లీడరునొద్దకు వచ్చిన ప్రయోజనమేమి? లోక్ అదాలత్ రాజీయు అట్టిదే. అది మంచి సంస్థ. త్వరగా సొమ్ము చేతి కందించును. మేము దానిని గౌరవింతుము. అయినను అక్కడి నిర్ణయముపై అప్పీలు లేదు. కావున లోనికి పోకమునుపే తన హక్కు ఎంతయో తెలిసికొని పోవలెను. తెలిసి తగ్గుట ఔదార్యము. తెలియక తగ్గుట నష్టము.

గడువు సంగతి. 1956లో పరిహార ట్రిబ్యునళ్లకు చట్టమున చోటు కలిగినది మొదలు అర్జీకి గడువుండెడిది. బీదలకు ఇది శాపమగుచున్నదని గుర్తించి 1994లో పార్లమెంటు దానిని తొలగించినది. మఱల 2019 సవరణచే ఆఱు నెలల గడువును తెచ్చిపెట్టినది. 2022 ఏప్రిల్ 1వ తేదీనుండి అది అమలునకు వచ్చినది. ఒకమాఱు అన్యాయమని తొలగించినదానిని ఇరువదియైదేండ్లకు మఱల నిలువబెట్టుటను మేము సమర్థింపలేము. కాలు విఱిగి మంచముపై నున్నవానికి ఆఱునెలలు ఏపాటి? ఈ గడువు న్యాయమా యను ప్రశ్న సర్వోన్నత న్యాయస్థానమునకు చేరినది. గడువు దాటినదను కారణమున అర్జీలను త్రోసివేయరాదని 2025 నవంబరులో ఆ న్యాయస్థానము మధ్యంతరముగ ఆజ్ఞాపించినది. సంతోషమే. కాని మధ్యంతరపు ఆజ్ఞను నమ్మి కాలయాపన చేయుట వివేకము కాదు. వడ్డీ కూడ అర్జీ వేసిన దినమునకు ముందు కాలమునకు రాదు. ఆలస్యమైన ప్రతి నెలయు నష్టమే.

న్యాయవాదిని ఆశ్రయింపుమన్నాము గదా యని ఎదురుపడిన ప్రతివానిని నమ్మవలదు. వైద్యశాల మంచముకడకు వచ్చి వకాలతుపై సంతకము పెట్టించుకొను దళారులు దేశమున లేకపోలేదు. పని యిమ్మని కక్షిదారులను వెదకికొని పోవుట, వచ్చిన సొమ్ములో వాటా మాటాడుకొనుట, ఈ రెండును న్యాయవాద వృత్తి నియమములకు విరుద్ధములని బార్ కౌన్సిలు శాసించియున్నది. వాటాకు ఒప్పుకొనుమను వాడు తొలిమాటలోనే తన స్వరూపమును చూపుచున్నాడు. అట్టివానికి దండము పెట్టి వేఱొకరిని చూచుకొనుట మంచిది.

ఫీజు లేనివానికి దారి మూయబడలేదు. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టము ప్రకారము స్త్రీలకు, బాలురకు, షెడ్యూల్డు కులములవారికి, తెగలవారికి, వికలాంగులకు, కర్మాగారపు కార్మికులకు వారి ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచిత న్యాయసహాయము లభింపవలెను. తక్కినవారిలో ఆదాయము తక్కువైన వారికిని లభించును. శ్రీకాకుళమున జిల్లా న్యాయసేవాధికార సంస్థ గలదు. 15100 అను సంఖ్యకు టెలిఫోను చేసినను చాలును. భర్తను పోగొట్టుకొనిన ప్రతి వితంతువునకును ఈ సహాయము హక్కుగ నున్నది. ఆమె సొమ్ము లేదని వెనుదీయ నక్కఱలేదు.

"కోర్టుకెక్కిన ఏండ్లు పట్టును" అను ఆక్షేపణ యొకటి వినవచ్చుచున్నది. అందు నిజము లేకపోలేదు, మేము కాదనము. కాని సలహా పొందుట వేఱు, వ్యాజ్యము వేయుట వేఱు. సలహా పొందిన పిదప రాజీపడుటకు ఎవరును అడ్డు చెప్పరు. అప్పుడది సరిసమానుల రాజీ యగును. ఇప్పుడు జరుగుచున్నది ఆకలిగొన్నవానికిని, తీరికగలవానికిని నడుమ బేరము. మఱియు, బీమా గల వాహనమైనచో ఆ పరిహార మిచ్చునది బీమా కంపెనీ. ఊరివాని ఇల్లు అమ్మించితిమను పాపభీతితో బాధితులు జంకుచున్నారు. ఆ భయము పలుతావుల నిరాధారము. తమ వాహనమున తామే ప్రమాదమునకు లోనై యజమాని మరణించినచోటను, పాలసీలో సొంత ప్రమాద బీమా యున్నచో 15,00,000 రూపాయలు రావలసియుండును. పెట్టెలోని ఆ కాగితమును చదువని కుటుంబము లెన్ని!

చివరకు మా విన్నపము. పంచాయతి పెద్దలారా! రాజీ కుదుర్చుటకు ముందు ఆ కుటుంబమును ఒక్కమాఱు శ్రీకాకుళమునకు పంపుడు. అంతవఱకు మీ కలమును మూసియుంచుడు. ఉపాధ్యాయులారా, విశ్వవిద్యాలయపు న్యాయవిద్యార్థులారా! మీ యూరి రచ్చబండపై ఒక సాయంకాలము ఈ నాలుగు మాటలు చెప్పుడు. పోలీసు అధికారులు నివేదికలను గడువులోపల పంపి, బాధితునకు అతని హక్కులను తెలుగున తెలియజేయవలెను. న్యాయవాదులు వారమునకొక పూట పేదలకై తలుపు తెఱచియుంచవలెను.

స్వరాజ్యము వచ్చినది, చట్టములను మన ప్రతినిధులే చేయుచున్నారు. ఐనను ఆ చట్టము పట్టణమున కాగితముగను, పల్లెలో వదంతిగను ఉన్నంతకాలము ఆ స్వరాజ్యము రాజమార్గమునకు ఆవలనే నిలిచియున్నది, ఊరిలోనికి రాలేదు. పరిహారము దయాధర్మముగ విదిల్చు భిక్ష యని తలచు తల్లి తలవంచి పుచ్చుకొనును. తన హక్కని తెలిసిన తల్లి లెక్క అడిగి పుచ్చుకొనును. ఎచ్చెర్ల బాటప్రక్కనున్న ప్రతి తల్లియు లెక్క అడుగు దినమునకై మేము వ్రాయుచున్నాము.